మానవాళిపై నేరం: ఆ మాట చట్టంలోకి రావడం వెనుక మన గూడూరు రెడ్డిగారు

టీవీ వార్తల్లో, పేపర్లలో "మానవాళిపై నేరం" అనే మాట తరచుగా వస్తుంటుంది. ఏ దేశంలోనో ఊళ్లు తగలబెట్టారనో, జనాన్ని తరిమేశారనో వార్త వచ్చినప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి ఈ మాట అంటాడు. మన రూముల్లో కూడా దాని మీద చర్చ నడుస్తుంది. "మామూలు హత్యకీ దీనికీ తేడా ఏమిటి?", "ఒక ప్రభుత్వం తన సొంత జనాన్ని హింసిస్తే పక్క దేశం వాడు ఎలా అడుగుతాడు?", "మా కంపెనీ వాడు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టాడు, అది దీని కిందికి రాదా అన్నా?" అని మమ్మల్ని అడిగినవాళ్లు ఉన్నారు.

మేము లాయర్లం కాము. ఈసా టౌన్‌లో ఉంటూ ఆఫీసుల్లో గుమాస్తా పని చేసుకునేవాళ్లం. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపి విమానం ఎక్కినవాళ్లం. టైపింగు, ఫైలింగు, ఇన్‌వాయిస్‌లు, వీసా కాగితాలు, ఇదే మా రోజువారీ పని. ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ చదువుతుంటే ఒక తెలుగాయన పేరు మాకు తగిలింది. ఆయన కూడా ఆఫీసు మనిషే. కోర్టులో వాదించలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. ఫైళ్లు, ఉత్తరాలు, రిపోర్టులతోనే 35 ఏళ్లకు పైగా పని చేసి, ఒక పెద్ద దుర్మార్గాన్ని ప్రపంచం నేరంగా గుర్తించడానికి తోడ్పడ్డారు. ఆయన పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. బయట ప్రపంచానికి ఇ.ఎస్. రెడ్డి. ఆయన కథ తెలిస్తే ఈ చట్టం కథ కూడా సులువుగా అర్థమవుతుంది. అందుకే రెండూ కలిపి ఈ వారం మీ ముందు ఉంచుతున్నాం.

మాట ఎక్కడ పుట్టింది?

పాత రోజుల్లో రాజు తన ప్రజల్ని ఏం చేసినా అడిగే దిక్కు లేదు. దేశానికీ దేశానికీ మధ్య ఒప్పందాలు ఉండేవి గానీ, దేశం లోపల జరిగేది ఆ దేశం ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915 మే 24న బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా కలిసి ఒక ప్రకటన చేశాయి. టర్కీ పాలనలో ఆర్మేనియన్లను ఊచకోత కోస్తున్నారనీ, అది మానవాళి మీదా నాగరికత మీదా చేసిన నేరమనీ, బాధ్యులను వదిలిపెట్టబోమనీ అందులో చెప్పాయి. యుద్ధం ముగిశాక విచారణ జరపాలని 1920 సెవ్రే ఒప్పందంలో రాశారు. కానీ ఆ ఒప్పందం అమలుకే రాలేదు. 1923లో లొసాన్‌లో కొత్త ఒప్పందం కుదిరింది, దాంతోపాటు క్షమాభిక్ష కూడా వచ్చింది. మాట మిగిలింది, శిక్ష మిగల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత మళ్లీ ఈ మాట బయటికి వచ్చింది. హిట్లర్ ప్రభుత్వం లక్షలాది యూదులను చంపింది. వారిలో జర్మనీ పౌరులూ ఉన్నారు. తన పౌరులనే చంపితే దాన్ని యుద్ధ నేరం అనడానికి పాత చట్టం సరిపోలేదు. అందుకని 1945 ఆగస్టు 8న లండన్‌లో నాలుగు పెద్ద దేశాలు సంతకం చేసిన నిబంధనల్లో "మానవాళిపై నేరాలు" అనే కొత్త విభాగం పెట్టారు. ఆ నిబంధనలతోనే న్యూరెంబర్గ్ కోర్టు నడిచింది. 1946 అక్టోబరు 1న 12 మందికి మరణశిక్ష, 7గురికి జైలు శిక్ష వేసి, ముగ్గురిని విడిచిపెట్టింది.

ఆ నిబంధనల్లో గుమాస్తాలమైన మమ్మల్ని నిలబెట్టిన సంగతి ఒకటుంది. "పై అధికారి చెప్పాడు, నేను చేశాను" అంటే తప్పించుకోవడానికి లేదు. శిక్ష కాస్త తగ్గితే తగ్గవచ్చు, నేరం మాత్రం పోదు.

అయితే ఈ చట్టానికి అప్పట్లో ఒక పెద్ద లోటు ఉండేది. మానవాళిపై నేరాన్ని యుద్ధంతో ముడిపెట్టారు. అందువల్ల 1939కి ముందు, అంటే యుద్ధం మొదలు కాకముందు జర్మనీలో యూదులకు జరిగిన అన్యాయాన్ని ఆ నేరం కింద కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. మరి యుద్ధం ఏమీ లేకుండానే, ప్రశాంతంగా, గెజిట్‌లో అచ్చువేసి, ఆఫీసులు పెట్టి, ఒక ప్రభుత్వం తన జనాన్ని హింసిస్తే? ఆ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టింది దక్షిణాఫ్రికా. అక్కడ మనవాళ్లూ ఉన్నారు.

నటాల్‌కి వెళ్లిన మనవాళ్లు

మనం గల్ఫ్‌కి రావడానికి వంద ఏళ్ల ముందే మన తాతల కాలం వాళ్లు ఓడలెక్కి వెళ్లారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు చెరుకు తోటల్లో, రైల్వేలో, గనుల్లో పని చేయడానికి నటాల్‌కి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారు. తమిళులతోపాటు చిత్తూరు, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా చాలామంది.

ఐదేళ్ల కాంట్రాక్టు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఎస్టేటు దాటి వెళితే శిక్ష. కాంట్రాక్టు ముగిశాక అక్కడే ఉండిపోదామనుకున్నవారి మీద 1895లో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. ఇంటికి పోవాలి, లేదా మళ్లీ కాంట్రాక్టులోకి దిగాలి అన్నదే దాని ఉద్దేశం. గాంధీగారి సత్యాగ్రహం తరువాత 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

ఇన్ని కష్టాల మధ్య కూడా మనవాళ్లు అక్కడ గుళ్లు కట్టుకున్నారు, కూరగాయలు పండించారు, పిల్లల్ని చదివించారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నాయుడూ, రెడ్డీ అనే ఇంటిపేర్లు ఈ రోజు కూడా డర్బన్‌లో వినిపిస్తాయి. భాష కొంత పోయింది, పేరు పోలేదు.

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అపార్థీడ్, అంటే ఎవరి జాతిని వారిని విడగొట్టి తెల్లవాళ్లను పైన ఉంచే పద్ధతి, దేశ విధానం అయింది. 1950లో రెండు చట్టాలు వచ్చాయి. ఒక దాని ప్రకారం ప్రతి మనిషి ఏ జాతివాడో రిజిస్టరులో రాయాలి. రెండో దాని ప్రకారం ఏ జాతివాడు ఏ పేటలో ఉండాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. డర్బన్ పక్కనున్న కేటో మేనర్‌లో భారతీయులు తరాల తరబడి కట్టుకున్న ఇళ్లూ తోటలూ ఖాళీ చేయించారు. 1960లలో చాట్స్‌వర్త్ అనే కొత్త పేట కట్టి అక్కడికి పంపారు. నల్లవాళ్లకు ఇంతకంటే ఎన్నో రెట్లు ఘోరం. వాళ్ల దేశంలోనే వాళ్లు పాసుబుక్కు జేబులో లేకుండా రోడ్డు మీద నడవడానికి లేదు. 1960 నుంచి 1983 వరకు దేశం మొత్తం మీద సుమారు 35 లక్షల మందిని వాళ్ల ఊళ్ల నుంచి బలవంతంగా తరలించారని అంచనా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇదంతా గూండాలు చేసింది కాదు. ఆ రిజిస్టర్లు రాసినవాళ్లు, నోటీసులు టైపు చేసినవాళ్లు, ముద్ర వేసినవాళ్లు మనలాంటి ఆఫీసు ఉద్యోగులే. సాయంత్రం ఐదింటికి పని ముగించుకుని ఇంటికి పోయినవాళ్లే.

1946: ఒకే సభ, రెండు ఫైళ్లు

దక్షిణాఫ్రికాలో భారతీయుల భూమి హక్కుల మీద ఆంక్షలు పెడుతూ 1946లో ఒక చట్టం వచ్చింది. అక్కడివాళ్లు సత్యాగ్రహం మొదలుపెట్టారు. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. అయినా 1946 జూన్‌లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో మన ప్రతినిధులు న్యూయార్క్ వెళ్లారు.

దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ సమాధానం ఒక్కటే: ఇది మా దేశం లోపలి వ్యవహారం, మీకు సంబంధం లేదు. సభ ఒప్పుకోలేదు. 1946 డిసెంబరు 8న 32 ఓట్లతో తీర్మానం నెగ్గింది. వ్యతిరేకంగా 15 ఓట్లు వచ్చాయి, 7 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారతీయులతో వ్యవహారం రెండు దేశాల మధ్య ఒప్పందాలకు తగినట్టుగా ఉండాలని ఆ తీర్మానం చెప్పింది.

అదే సభలో మూడు రోజుల తరువాత, డిసెంబరు 11న, న్యూరెంబర్గ్ సూత్రాలను అంతర్జాతీయ చట్టంగా సభ ఆమోదించింది. అదే రోజు జాతి నిర్మూలన నేరమని మరో తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాల్లో మన భారతదేశం ఒకటి. మిగతావి క్యూబా, పనామా.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఒకే బల్ల మీద రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి మానవాళిపై నేరాల ఫైలు, రెండోది దక్షిణాఫ్రికా ఫైలు. రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు సభ అనలేదు. ఆ రెండింటినీ ఒకే దారంతో కట్టడానికి 20 ఏళ్లు పట్టింది.

గూడూరు నుంచి న్యూయార్క్

రెడ్డిగారు పుట్టింది 1924 జూలై 1న, అప్పటి నెల్లూరు జిల్లాలో గూడూరు దగ్గర పల్లపట్టి గ్రామంలో. తండ్రి స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లినవారు. మద్రాసులో డిగ్రీ చదివి, పై చదువుకి 1946లో న్యూయార్క్ చేరారు. సరిగ్గా ఆ ఏడాదే దక్షిణాఫ్రికా గొడవ ఐక్యరాజ్య సమితికి వచ్చింది. గాయకుడు పాల్ రోబ్సన్ నాయకత్వంలో ఆఫ్రికా విముక్తి కోసం పని చేస్తున్న సంఘం న్యూయార్క్‌లో ఉండేది. కుర్రవాడైన రెడ్డిగారు దానితో పరిచయం పెంచుకున్నారు. దక్షిణాఫ్రికా నుంచి సమితికి తమ గోడు చెప్పుకోవడానికి వచ్చిన నాయకులను కలుసుకున్నారు.

1948లో ఎం.ఏ. పూర్తి చేసి 1949లో ఐక్యరాజ్య సమితి ఆఫీసులో ఉద్యోగంలో చేరారు. అక్కడ పద్నాలుగేళ్లు పని చేసిన తరువాత అసలు బాధ్యత చేతికి వచ్చింది. మధ్యలో 1960 మార్చి 21న షార్ప్‌విల్ అనే చోట పాసుబుక్కులకు వ్యతిరేకంగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. 1962 నవంబరు 6న సమితి సభ దక్షిణాఫ్రికాతో సంబంధాలు తెంచుకోమని దేశాలను కోరింది. అపార్థీడ్ మీద ఒక ప్రత్యేక కమిటీ కూడా వేసింది. పడమటి పెద్ద దేశాలు ఒక్కటి కూడా ఆ కమిటీలో చేరలేదు. గినీ దేశానికి చెందిన డియాలో తెల్లి అధ్యక్షుడు. 1963లో పని మొదలైనప్పుడు కమిటీ కార్యదర్శిగా వచ్చినవారు రెడ్డిగారు.

కాగితంతో ఏం చేయవచ్చు?

పెద్ద దేశాలు లేని కమిటీ. డబ్బు లేదు, సైన్యం లేదు. ఇలాంటి కమిటీలు ఏటా ఒక రిపోర్టు రాసి బీరువాలో పెట్టడం మామూలు. రెడ్డిగారు అలా చేయలేదు.

1963 అక్టోబరులో నెల్సన్ మండేలా, ఆయన సహచరుల మీద రివోనియా కేసు విచారణ మొదలవుతోంది. ఉరిశిక్ష పడే కేసు. కమిటీ కార్యాలయం హడావుడిగా కదిలింది. 1963 అక్టోబరు 11న రాజకీయ ఖైదీలను విడుదల చేయాలని సభ తీర్మానించింది. అనుకూలంగా 106 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు, అది దక్షిణాఫ్రికాదే. తరువాత 1964 జూన్ 12న మండేలాకు, మరో ఏడుగురికి ఉరి కాకుండా యావజ్జీవం పడింది. ఆ ఏడుగురిలో ఒకరు భారతీయ కుటుంబానికి చెందిన అహ్మద్ కత్రాడా. ఒక్క తీర్మానం వల్లే ఉరి తప్పిందని మేము అనడం లేదు. కానీ ప్రపంచమంతా చూస్తోందన్న సంగతి ఆ కోర్టు గదికి తెలుసు.

1965లో ఖైదీల లాయరు ఖర్చులకూ, వాళ్ల కుటుంబాల పోషణకూ సమితి తరఫున ఒక నిధి పెట్టించడంలో రెడ్డిగారి కృషి ఉంది. మన దగ్గర ఎవరైనా జైల్లో పడితే ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఎలా బతుకుతారో మనకు తెలుసు. ఉద్యమం నడవాలంటే నినాదం ఒక్కటే చాలదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. అది గుర్తుపెట్టుకున్న మనిషి ఆయన.

1976లో సమితిలో అపార్థీడ్ వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరయ్యారు. 1980ల మొదట్లో దక్షిణాఫ్రికాకి వెళ్లి ఆడే ఆటగాళ్ల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టి అచ్చువేయించారు. అక్కడ మనుషులను విడగొట్టడానికి రిజిస్టరు, ఇక్కడ ఆ పనికి వంత పాడేవాళ్లను బయటపెట్టడానికి రిజిస్టరు. మన దేశం కూడా మాట నిలబెట్టుకుంది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కి చేరి కూడా, ఎదురుగా దక్షిణాఫ్రికా ఉందని ఆడకుండా వదులుకుంది. అప్పట్లో గల్ఫ్‌కి వచ్చిన పెద్దవాళ్ల పాత పాస్‌పోర్టు ఎక్కడైనా దొరికితే తెరిచి చూడండి. దక్షిణాఫ్రికా ప్రయాణానికి అది చెల్లదని అందులో ఉంటుంది.

రెండు ఫైళ్లూ కలిశాయి

1966 డిసెంబరు 16న సమితి సభ అపార్థీడ్‌ను మానవాళిపై నేరమని ఖండించింది. 1946లో విడివిడిగా ఉన్న రెండు ఫైళ్లు ఆ రోజు కలిశాయి. యుద్ధం లేకపోయినా, సొంత దేశం లోపలే అయినా, చట్టం పేరుతో చేసినా అది నేరమే అని చెప్పడానికి బాట పడింది. 1968లో మరో ఒప్పందం వచ్చింది. ఇలాంటి నేరాలకు కాలం చెల్లిపోవడం అంటూ ఉండదని, ఎన్నేళ్లయినా కేసు పెట్టవచ్చని అది చెప్పింది. అపార్థీడ్ పేరు అందులోనూ చేర్చారు.

1973 నవంబరు 30న అపార్థీడ్ నేరాన్ని అణచివేయడానికి, శిక్షించడానికి ప్రత్యేకమైన అంతర్జాతీయ ఒప్పందాన్ని సభ ఆమోదించింది. అనుకూలంగా 91 ఓట్లు, తటస్థంగా 26 దేశాలు. వ్యతిరేకించినవి నాలుగు: దక్షిణాఫ్రికా, పోర్చుగల్, బ్రిటన్, అమెరికా. ఒప్పందం 1976 జూలై 18న అమలులోకి వచ్చింది. నేరం చేసిన మనిషి మంత్రి అయినా ఉద్యోగి అయినా వ్యక్తిగతంగా బాధ్యుడేననీ, ఒప్పందంలో చేరిన ఏ దేశం కోర్టులోనైనా విచారించవచ్చనీ అందులో ఉంది. భారతదేశం 1977లో చేరింది. బహ్రెయిన్ 1990లో చేరింది.

న్యాయంగా చెప్పాలంటే ఈ ఒప్పందం రెడ్డిగారు ఒక్కరే తెచ్చింది కాదు. ముసాయిదా పెట్టింది గినీ, సోవియట్ యూనియన్. ఓటు వేసింది ప్రభుత్వాలు. ప్రాణాలు ఇచ్చింది దక్షిణాఫ్రికా జనం. ఆఫీసులో కూర్చున్న మనిషి పేరు తీర్మానం మీద ఉండదు. కానీ ఏడాది తరువాత ఏడాది సాక్ష్యాలు సేకరించి, అచ్చువేసి, ప్రతి దేశం బల్ల మీద పెట్టకపోతే ఓటు వేసేవాడికి విషయమే తెలియదు. ఆ పని విలువ మనలాంటి వాళ్లకు బాగా తెలుసు.

మరి శిక్ష పడిందా?

పాఠకులు అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటు వేసిన ఎన్నికలతో అపార్థీడ్ అంతమైంది. అయితే 1973 ఒప్పందం కింద అప్పటిదాకా ఏ దేశమూ ఒక్కరి మీద కూడా కేసు నడపలేదు. కొత్త ప్రభుత్వం బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్యం, సయోధ్య కమిషన్ వేసింది. చేసింది చేసినట్టు బయటపెడితే క్షమాభిక్ష అడగవచ్చు అన్నారు. 7,000 మందికి పైగా అడిగారు. 849 మందికి దొరికింది. దొరకనివాళ్ల మీద కేసులు పెట్టాలి గానీ చాలా ఏళ్లు ఆ ఫైళ్లు కదలనే లేదు.

చనిపోయినవాళ్ల కుటుంబాలు వదల్లేదు. అహ్మద్ తిమోల్ అనే భారతీయ మూలాలున్న టీచరు 1971 అక్టోబరులో పోలీసు కస్టడీలో చనిపోయారు. పదో అంతస్తు కిటికీ లోంచి దూకాడని పోలీసులు రాశారు. ఆయన కుటుంబం 46 ఏళ్లు పోరాడింది. 2017లో కోర్టు అది ఆత్మహత్య కాదు, హత్య అని తేల్చింది.

1982లో ముగ్గురు విద్యార్థి ఉద్యమకారులను పోలీసులు కుట్ర పన్ని పేలుడులో చంపారు. నాలుగో కుర్రవాడు తీవ్రంగా గాయపడి బతికాడు. ఈ కేసులో 2021లో మామూలు హత్యానేరంతోపాటు అపార్థీడ్ అనే మానవాళిపై నేరం కూడా మోపారు. పాత సంగతి, కాలం చెల్లింది అని చేసిన వాదనను 2025 ఏప్రిల్‌లో జోహానెస్‌బర్గ్ హైకోర్టు ఒప్పుకోలేదు. కేసు ముందుకు సాగడానికి దారి ఇచ్చింది. 1960లలో, 70లలో న్యూయార్క్‌లో టైపు చేసిన కాగితం ఇంత కాలానికి ఒక కోర్టు గదిలో పనికి వచ్చింది.

రోమ్‌లో రాసిన జాబితా

ఇక ప్రపంచ చట్టం సంగతి. 1993లో యుగోస్లావియా కోసం, 1994లో ర్వాండా కోసం ప్రత్యేక కోర్టులు పెట్టారు. ర్వాండా కోర్టులో జడ్జిగా పని చేసిన నవనీతం పిళ్లే డర్బన్‌లో పుట్టిన తమిళ ఆడపడుచు. కాంట్రాక్టు కూలీల వంశం, తండ్రి బస్సు డ్రైవరు. ఆమె ఉన్న ధర్మాసనం 1998 సెప్టెంబరు 2న ఇచ్చిన తీర్పులో, ఆడవాళ్లపై జరిపిన అత్యాచారాలు కూడా జాతి నిర్మూలనలో భాగమని, మానవాళిపై నేరమని తేల్చింది. చెరుకు తోటకి వెళ్లిన కూలి మనవరాలు ప్రపంచానికి చట్టం చెప్పింది.

1998 జూలై 17న రోమ్‌లో శాశ్వత అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కోసం ఒప్పందం కుదిరింది. 2002 జూలై 1న అమలులోకి వచ్చింది. అందులో మానవాళిపై నేరాల జాబితా ఉంది: హత్య, సామూహిక నిర్మూలన, బానిసత్వం, జనాన్ని బలవంతంగా తరిమివేయడం, అక్రమ నిర్బంధం, చిత్రహింస, అత్యాచారం, ఒక వర్గాన్ని పీడించడం, మనుషులను మాయం చేయడం, అపార్థీడ్, ఇలాంటివే ఇతర అమానుష చర్యలు. అయితే ఒక షరతు ఉంది. అది పౌరుల మీద పెద్ద ఎత్తున గానీ, ఒక పథకం ప్రకారం గానీ జరిగిన దాడిలో భాగం అయి ఉండాలి. యుద్ధం ఉండాలన్న పాత షరతు ఇప్పుడు లేదు.

రోమ్‌లో 120 దేశాలు అవునన్నాయి. 7 దేశాలు కాదన్నాయి. తటస్థంగా ఉన్న 21 దేశాల్లో మన దేశం ఒకటి. ఇప్పటికీ సంతకం చేయలేదు. బహ్రెయిన్ 2000లో సంతకం చేసింది గానీ ఇంకా ధ్రువీకరించలేదు. జాతి నిర్మూలనకు 1948 నుంచే ప్రత్యేక ఒప్పందం ఉంది, మానవాళిపై నేరాలకు అలాంటిది ఇంకా లేదు. దాని కోసం 2028, 2029లో దేశాల సమావేశం జరపాలని ఐక్యరాజ్య సమితి 2024 డిసెంబరులో నిర్ణయించింది.

"మా ఇంటి సంగతి" అనే మాట

స్మట్స్ 1946లో "ఇది మా ఇంటి సంగతి" అన్నాడు. మన దేశం ఒప్పుకోలేదు, అందుకు మనం గర్వపడాలి. అయితే 2001లో అదే డర్బన్ నగరంలో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగింది. కుల వివక్షను కూడా చర్చించాలని దళిత సంఘాలు వెళ్లి అడిగాయి. కులం, జాతి ఒకటి కావు, దీనికి మా దేశంలోనే చట్టాలు ఉన్నాయి అని మన ప్రభుత్వం వ్యతిరేకించింది.

చట్టాలు ఉన్న మాట నిజమే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మన రాష్ట్రంలోనే జరిగాయి. చుండూరులో 8 మంది దళితులను చంపిన కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మేము కులాన్నీ అపార్థీడ్‌నీ ఒకే గాటన కట్టడం లేదు. ఏది ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చవలసింది కోర్టులు. కానీ పక్కింటి తప్పు చూపించిన వేలు మన ఇంటి వైపు తిరిగినప్పుడు "లోపలి సంగతి" అనడం అంత సులువు కాకూడదు. నటాల్ తోటల్లో కూలి చేసిన మన తాతల్లో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. తెల్ల దొర రిజిస్టరులో అందరికీ ఒకటే గడి.

మన సంగతికి వస్తే

జీతం ఎగ్గొట్టడం, పాస్‌పోర్టు తీసి దగ్గర పెట్టుకోవడం, సెలవు ఇవ్వకపోవడం, ఇవన్నీ తప్పులే. కానీ ఇవి మానవాళిపై నేరాలు కావు. వాటికి అంతర్జాతీయ కోర్టు తలుపు తట్టనక్కరలేదు. కార్మిక మంత్రిత్వ శాఖ మన ఈసా టౌన్‌లోనే ఉంది. లేబర్ కోర్టు ఉంది. ఎంబసీ ఓపెన్ హౌస్ ఉంది. మనిషిని అమ్మి కొని, బెదిరించి, బంధించి పని చేయిస్తే అది మనుషుల అక్రమ రవాణా. దానికి బహ్రెయిన్‌లో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. పెద్ద మాటను చిన్న విషయానికి వాడితే, నిజంగా ఆ మాట అవసరమైన రోజున దానికి బరువు ఉండదు.

ఎక్కడికి వెళ్లినా కాగితం దాచుకోండి. కాంట్రాక్టు కాపీ, జీతం స్లిప్పు, ఇచ్చిన అర్జీ మీద తేదీ, ముద్ర, అన్నీ జాగ్రత్త చేయండి. తిమోల్ కుటుంబం 46 ఏళ్ల తరువాత గెలిచిందంటే పాత కాగితాలు, పాత సాక్షులు పనికి వచ్చారు కనుకే.

ఆఫీసు పని చేసే తమ్ముళ్లకు ఇంకొక మాట. మన ముందుకు వచ్చే ప్రతి కాగితం వెనుక ఒక మనిషి ఉంటాడు. ఎవరి జీతంలోనో కోత రాయమన్నప్పుడు, ఎవరి పేరో జాబితాలోంచి కొట్టేయమన్నప్పుడు కారణం అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది, అది మాకూ తెలుసు. అడిగే తీరులో అడగండి. కనీసం మీ చేత్తో అబద్ధం మాత్రం రాయకండి.

ఇ.ఎస్. రెడ్డిగారు 1985లో సహాయ సెక్రటరీ జనరల్ హోదాలో రిటైరయ్యారు. 2000లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం తన ఉద్యమ నాయకుడు ఆలివర్ టాంబో పేరు మీద ఇచ్చే జాతీయ పురస్కారంతో గౌరవించింది. 2020 నవంబరు 1న అమెరికాలో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గూడూరు స్టేషన్ మీదుగా రైల్లో వెళ్లేటప్పుడు పక్కన పిల్లలుంటే ఆయన పేరు ఒకసారి చెప్పండి. మన ఊరి మనిషి ఒకడు ఫైళ్లు పట్టుకునే ఇంత పని చేశాడని వాళ్లకు తెలియాలి.